ఫ్లైట్‌లో మా చెల్లి చెయ్యి పట్టుకున్నాడు, సారీ రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కేసు పెట్టొచ్చా?

బ్రోడీపేట_అక్క
మాది గుంటూరు. మా చెల్లి ఒక ఎయిర్‌లైన్స్‌లో క్యాబిన్ క్రూ, హైదరాబాద్‌లో ఉంటుంది. పోయిన వారం హైదరాబాద్ నుంచి గన్నవరం వచ్చే సాయంత్రం ఫ్లైట్‌లో ఒకాయన ఎక్కేటప్పటికే తాగి ఉన్నాడట. దిగే ముందు సీటు నిటారుగా పెట్టి బెల్ట్ పెట్టుకోమని ఇది చెబితే, మణికట్టు పట్టుకుని "నంబర్ ఇవ్వు, అప్పుడు పెట్టుకుంటా" అన్నాడు. వదలమన్నా వదల్లేదు. పక్క వరసలో ఇద్దరు నవ్వారు, ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. వెనక నుంచి ఇంకో అమ్మాయి వచ్చి గట్టిగా మాట్లాడితే గానీ చెయ్యి వదల్లేదు.

కెప్టెన్‌కి చెప్పారు. దిగగానే సెక్యూరిటీ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆఫీసు గదిలో "పొరపాటయింది, క్షమించండి" అని కాగితం రాయించుకుని పంపించేశారు. బయట ఆయన కోసం రెండు కార్లు వచ్చి ఉన్నాయట. చెల్లి మాత్రం అదే విమానంలో తిరిగి హైదరాబాద్ వెళ్ళి, దిగే ప్రతివాడికీ నమస్కారం పెట్టి, రూముకొచ్చాక నాకు ఫోన్ చేసి ఏడ్చింది. మేనేజర్ "అయిపోయిందిగా, కెరీర్ చూసుకో" అంటున్నాడు. మా నాన్న పరువు అంటున్నారు. కేసు పెట్టాలంటే ఎక్కడ పెట్టాలి? వారం దాటింది, తీసుకుంటారా?

గన్నవరం_గణపతి
రెండు కార్లు వచ్చాయన్నప్పుడే అర్థమైంది ఎవరి తాలూకో.

బెంజిసర్కిల్_కుర్రోడు
వీడియో తీసినవాడు ఎవడో పట్టుకోండి ముందు. సాక్ష్యం మొత్తం వాడి ఫోన్లోనే ఉంది.

కృష్ణలంక_మూర్తి
నా మాట నచ్చకపోవచ్చు. అతను తప్పు ఒప్పుకుని రాసిచ్చాడు. పెళ్ళి కావలసిన పిల్లని స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిప్పడం ఎందుకు? అవతలి వాళ్ళకి డబ్బుంది, మనుషులున్నారు. మీ నాన్నగారి భయంలో అర్థం ఉంది.

అరండల్‌పేట_అరుణ
మూర్తి గారూ, చెయ్యి పట్టుకున్నవాడికి కూడా పెళ్ళాం పిల్లలు, పరువు ఉండే ఉంటాయి కదా. వాటి లెక్క మన దగ్గర ఎవరూ తీయరేం?

కృష్ణలంక_మూర్తి
లెక్క తీయకూడదని నేననలేదమ్మా. ఈ దేశంలో కేసు అంటే ఎన్నేళ్ళో తెలిసినవాణ్ణి కాబట్టి చెప్పాను.

మాజీ_క్రూ_మంగళగిరి
నేను చాలా ఏళ్ళు ఎగిరి, బాబు పుట్టాక మానేశాను. అక్కా, మీరు "అదే విమానంలో తిరిగి వెళ్ళింది" అని రాశారు చూడండి, అసలు కథంతా అక్కడే ఉంది.

యాభై సీట్లకి ఒక క్రూ ఉండాలన్నది రూలు. గన్నవరం వచ్చే ఆ చిన్న విమానం ఏటీఆర్ అయి ఉంటుంది, డెబ్భై పైన సీట్లు, అంటే ఇద్దరు ఉండి తీరాలి. మీ చెల్లి స్టేట్‌మెంట్ ఇవ్వడానికి పోలీస్ స్టేషన్‌కి వెళ్తే విమానంలో ఒక్కరే మిగులుతారు. ఒక్కరితో అది కదలదు. గన్నవరంలో స్పేర్ క్రూ ఎవరూ కూర్చుని ఉండరు. అవతల తిరుగు ఫ్లైట్ పాసింజర్లు బోర్డింగ్ పాసులు పట్టుకుని నిలబడి ఉంటారు. మధ్యలో ఉండేది అరగంట. అప్పుడు స్టేషన్ మేనేజర్ వచ్చి నెమ్మదిగా అడుగుతాడు: "అమ్మా, కంప్లైంట్ ఇస్తావా, ఫ్లైట్ క్యాన్సిల్ చేయమంటావా?" ప్రశ్న అలా వచ్చాక ఏ ఆడపిల్లయినా ఏం చెబుతుంది? పైగా చాలా కంపెనీల్లో జీతంలో పెద్ద భాగం ఎగిరిన గంటలను బట్టే వస్తుంది. స్టేషన్ బెంచీ మీద కూర్చున్న గంటలకి పైసా రాదు.

ఆ సారీ కాగితం మీ చెల్లి కోసం రాయించింది కాదు. ఫ్లైట్ టైముకి వెళ్ళడానికి రాయించింది.

బెంజిసర్కిల్_కుర్రోడు
ఇది నాకు తెలియదు. క్రూ నవ్వుతూ ఉంటే "ఏమీ జరగలేదులే" అనుకుంటాం మనం.

సత్యనారాయణపురం_రావు
క్రూ దేవతలేమీ కాదు, ఆ సంగతీ చెప్పాలి. పోయిన వేసవిలో మమ్మల్ని విమానంలో కూర్చోబెట్టి తలుపులేసి గంటల తరబడి ఆపేశారు. ఏసీ లేదు. మా అమ్మకి షుగర్, ఏదైనా తినడానికి పెట్టమంటే "టేకాఫ్ తర్వాత సర్వీస్ సార్" అని చిలక పలుకులు. అప్పుడు నేను అరిచాను. నన్నూ రౌడీ పాసింజర్ అంటారా? 2024 జనవరిలో ఢిల్లీలో పొగమంచుకి ఫ్లైట్ లేటయితే, అనౌన్స్‌మెంట్ చేస్తున్న పైలట్‌ని ఒకడు పరిగెత్తుకొచ్చి కొట్టాడు. కొట్టడం తప్పే. కానీ అంత కోపం ఎక్కడి నుంచి వచ్చింది?

అరండల్‌పేట_అరుణ
రావు గారూ, మణికట్టు పట్టుకుని నంబర్ అడిగినవాడికి ఏసీ లేకపోవడం వల్ల వచ్చిందా కోపం? ఆ ఫ్లైట్ లేటని అక్క ఎక్కడా రాయలేదు.

సత్యనారాయణపురం_రావు
రెండూ ఒకటని అనలేదు. మీరు రెండూ ఒకే గాటన కడతారేమోనని ముందే చెప్పాను.

మాజీ_క్రూ_మంగళగిరి
రావు గారు చెప్పిందీ న్యాయమే. అరవడం వేరు, చెయ్యి వేయడం వేరు. ఆ తేడా రూల్సులోనే ఉంది. అమ్మకి షుగర్ అని చెప్పగానే గ్యాలీలోంచి, అంటే విమానంలో తిండి సామాను పెట్టే చోటు నుంచి, జ్యూసో బిస్కెట్టో తెచ్చిచ్చే అమ్మాయిలు ఉన్నారు, ఇవ్వని వాళ్ళూ ఉన్నారు. దగ్గరి ఊళ్ళ ఫ్లైట్ రెండు గంటలు దాటి లేటయితే ఫలహారం ఇవ్వాలని డీజీసీఏ (విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ఉంది. తలుపు దగ్గర మీ తిట్లు తినే అమ్మాయి చేతిలో మాత్రం అది ఉండదు, గ్రౌండ్ స్టాఫ్ పంపాలి.

ఎన్నారై_తెనాలి
రూల్సులో తేడా అంటే ఏంటి? ఎవరైనా అరటిపండు ఒలిచినట్టు చెప్పండి.

లాయర్_లక్ష్మీపురం
చెబుతాను, కాస్త పొడుగు అవుతుంది.

2017 మార్చిలో ఒక ఎంపీ గారు ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టిన గొడవ గుర్తుందా? ఆ తర్వాత అదే ఏడాది సెప్టెంబరులో డీజీసీఏ నో ఫ్లై లిస్ట్ నిబంధనలు తెచ్చింది, అంటే అల్లరి చేసినవాళ్ళని కొన్నాళ్ళు విమానం ఎక్కనివ్వని జాబితా. అందులో మూడు మెట్లు. నోటితో, సైగలతో వేధించడం, తాగి అల్లరి చేయడం మొదటిది, మూడు నెలల వరకూ నిషేధం. తోయడం, కొట్టడం, పట్టుకోవడం, అసభ్యంగా తాకడం రెండోది, ఆరు నెలల వరకూ. ప్రాణం మీదకి తెచ్చేవి, కాక్‌పిట్‌లోకి చొరబడబోవడం లాంటివి మూడోది, కనీసం రెండేళ్ళు, పైన హద్దు లేదు. రావు గారి అరుపులో బూతులు లేకపోతే అసలు ఏ మెట్టూ ఎక్కరు. మీ చెల్లి విషయం స్పష్టంగా రెండో మెట్టు.

ఎలా జరగాలంటే, కెప్టెన్ రాతపూర్వకంగా రిపోర్ట్ ఇవ్వాలి. ఎయిర్‌లైన్స్ దాన్ని ఒక కమిటీకి పంపాలి. దానికి రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడు, వేరే ఎయిర్‌లైన్స్ నుంచి ఒకరు, పాసింజర్ల సంఘం లేదా వినియోగదారుల తరఫున ఒకరు. 30 రోజుల్లో తేల్చాలి. ఈలోగా కంపెనీ అతన్ని ఎక్కించుకోకుండా ఆపొచ్చు. కమిటీ ఆ గడువు దాటిస్తే మాత్రం అతను దర్జాగా ఎగరొచ్చు.

క్షమాపణ రాసిస్తే ఈ పని అక్కర్లేదని అందులో ఎక్కడా లేదు.

ఇక ముఖ్యమైన విషయం. నో ఫ్లై లిస్ట్ అనేది కంపెనీకీ పాసింజర్‌కీ మధ్య వ్యవహారం. క్రిమినల్ కేసు వేరు, అది మీ చెల్లి హక్కు. మేనేజర్ వద్దంటే పోయేది కాదు. ఆడవాళ్ళ మీద దురుద్దేశంతో చెయ్యి వేస్తే భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్, ఏడాది నుంచి ఐదేళ్ళ జైలు. వారం దాటిందని ఎఫ్‌ఐఆర్ తీసుకోనంటే కుదరదు. ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే రాయండి: డ్యూటీలో ఉంది, తిరుగు ఫ్లైట్ చేయాల్సి వచ్చింది, మేనేజర్ వద్దన్నాడు. ఉన్నది ఉన్నట్టు.

గన్నవరం_గణపతి
ఎక్కడ పెట్టాలి లాయరు గారూ? విమానం ఆకాశంలో ఉండగా జరిగింది కదా. నల్గొండ మీద ఉందా, సూర్యాపేట మీద ఉందా ఎవడు కొలిచాడు?

లాయర్_లక్ష్మీపురం
దిగేముందు కాబట్టి మీ ఊరి మీదే అయ్యుంటుంది గణపతి గారూ :) కొలవక్కర్లేదు. దిగింది గన్నవరంలో కాబట్టి అక్కడి పోలీస్ స్టేషన్ సహజం. కాకపోతే 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కి వాళ్ళే పంపాలి. అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటే అక్కడే ఇవ్వొచ్చు. ఈ సెక్షన్ కింద ఫిర్యాదు మహిళా పోలీసే రాసుకోవాలి.

రిటైర్డ్_కండక్టర్_గుంటూరు
ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టినవాణ్ణి, నా ముక్క కూడా వినండి. చిలకలూరిపేట రూట్లో రాత్రి బస్సులో ఒకడు తాగి ఒక పిల్లని ఇబ్బంది పెడుతుంటే మా డ్రైవర్ ఏం మాట్లాడకుండా బండిని నేరుగా పోలీస్ స్టేషన్ ముందు ఆపాడు. మిగతా ప్యాసింజర్లు లేటవుతుందని గోల చేశారు. మావాడు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని "దిగి నడవాలనుకునేవాళ్ళు నడవండి" అన్నాడు. ఎవరూ దిగలేదు, ఆ తాగుబోతు తప్ప. వాణ్ణి కానిస్టేబుల్ దింపాడు.

విమానాన్ని దారిలో ఆపలేరు కదా. మరి మధ్యలో ఎవడైనా రెచ్చిపోతే ఏం చేస్తారు?

మాజీ_క్రూ_మంగళగిరి
బాబాయ్ గారూ, మీ డ్రైవర్ లాంటి కెప్టెన్లు ఉన్నారు, వేరే ఊళ్ళో దింపేసి పోలీసులకి అప్పగించినవాళ్ళు. అంతదాకా రాకుండా చూడటమే మా ట్రైనింగ్‌లో సగం.

ఒక్కరుగా వెళ్ళొద్దంటారు. ఒకరు మాట్లాడతారు, రెండోవాళ్ళు ఒక అడుగు వెనక నిలబడతారు. అరచేతులు అవతలివాడికి కనపడేలా ఉంచాలి, వేలు చూపించకూడదు. అతను కూర్చుని ఉంటే మనం కాస్త వంగాలి గానీ చెయ్యందేంత దగ్గరికి పోకూడదు. చిన్న విమానంలో ఆ నడవ ఎంత ఉంటుందో తెలుసుగా, "దగ్గరికి పోకూడదు" అన్నది పుస్తకంలో బాగుంటుంది. మొదట నోటితో హెచ్చరిక. వినకపోతే కెప్టెన్‌తో మాట్లాడి రాతపూర్వక వార్నింగ్ చేతిలో పెడతాం. కాగితం చూడగానే సగం మందికి మత్తు దిగుతుంది. సీటు నంబరు, పేరు దాని మీద ఉంటాయి మరి. అదీ కాకపోతే కట్టడి చేయడానికి ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి. నేను పెట్టెలో చూడటమే గానీ ఎప్పుడూ వాడలేదు.

ఏటీఆర్‌లో ఇంకో తమాషా. ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచే. గొడవ చేసినవాడు ముందు వరసలో ఉంటే, వాడి వెనక అందరూ దిగాక గానీ సెక్యూరిటీ లోపలికి రాలేరు. అంతసేపూ వాడి ఎదురుగా మనం నవ్వు మొహంతో నిలబడాలి.

బెంజిసర్కిల్_కుర్రోడు
మనవాళ్ళు చక్రాలు నేలకి తగలగానే లేచి నిలబడేవాళ్ళు కదా, ఏటీఆర్‌లో అయినా వెనక సీట్లవాళ్ళు ముందు దిగుతారని సంతోషం.

ఎన్నారై_తెనాలి
డొమెస్టిక్‌లో మందు ఇవ్వరుగా, తాగి ఎలా ఎక్కనిచ్చారు?

మాజీ_క్రూ_మంగళగిరి
ఇవ్వరు. అందుకే ఎక్కేముందే పూర్తి చేసుకుని వస్తారు. కొందరు నీళ్ళ సీసాలో కలుపుకుని తెస్తారు, వాసన బట్టి తెలుస్తుంది. తూలుతున్నవాణ్ణి తలుపు దగ్గరే ఆపే అధికారం ఉంది. కానీ ఆపితే సామాను దింపాలి, టైము పోతుంది. మళ్ళీ అదే గడియారం.

ఇంకొకటి చెప్పాలి. గల్ఫ్ వెళ్ళే కూలీలు అల్లరి చేస్తారని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో మొదటిసారి ఎక్కినవాళ్ళంత మర్యాదస్తులు లేరు. బెల్ట్ ఎలా పెట్టుకోవాలో తెలియక సిగ్గుపడతారు, "అమ్మా కొంచెం పెట్టవా" అంటారు. నన్ను ఏడిపించినవాళ్ళంతా "నేనెవరో తెలుసా" బాపతే.

గన్నవరం_గణపతి
"నేనెవరో తెలుసా" అనగానే గుర్తొచ్చింది. 2017 జూన్‌లో విశాఖ ఎయిర్‌పోర్ట్‌లో మన ఎంపీ గారొకరు లేటుగా వచ్చి, బోర్డింగ్ పాస్ ఇవ్వలేదని ప్రింటర్ ఎత్తిన వీడియో ఎంతమంది చూశారు? ఎయిర్‌లైన్స్ అన్నీ కలిసి కొన్నాళ్ళు ఎక్కించుకోం అన్నాయి.

కొత్తపేట_కిరాణా
మా ఊరి కారప్పొడి ప్యాకెట్ చేతి సంచిలో ఉందని నన్ను సెక్యూరిటీలో పావుగంట నిలబెట్టారు. తాగినవాడికి మాత్రం రాచమర్యాద. బాగుంది.

రిటైర్డ్_కండక్టర్_గుంటూరు
బాత్రూంలో సిగరెట్లు తాగేవాళ్ళు కూడా ఉంటారట కదమ్మా? మరి తలుపు మీద యాష్ట్రే ఎందుకు పెడతారు? మావాడు అమెరికా నుంచి వచ్చి చెప్పాడు, నమ్మలేదు.

మాజీ_క్రూ_మంగళగిరి
నిజమే బాబాయ్ గారూ. తాగమని కాదు. ఎవడో ఒకడు ఎలాగూ తాగుతాడు, ఆ పీక చెత్తబుట్టలో టిష్యూల మధ్య పడేస్తాడేమోనని భయం. 1973లో బ్రెజిల్ విమానం ఒకటి పారిస్ చేరబోతుండగా టాయిలెట్ చెత్తబుట్టలో మొదలైన మంటలకి 123 మంది పోయారు. పొగతోనే చాలామంది. మేం సిగరెట్ దగ్గర అంత కఠినంగా ఉంటే "ఈ పిల్లకెంత పొగరు" అంటారు.

బ్రోడీపేట_అక్క
అందరివీ చదువుతున్నాను, చెల్లికీ పంపాను. లాయర్ గారూ, ఒక సందేహం. కంపెనీ లోపల కూడా ఏదో కమిటీ ఉంటుందట కదా, దానికి చెప్పమని తన ఫ్రెండ్ అంది. కానీ ఆ కమిటీ ఉద్యోగుల మీద కంప్లైంట్లకే అని మేనేజర్ అన్నాడు.

లాయర్_లక్ష్మీపురం
మేనేజర్ సగమే చెప్పాడు. పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పని చోటు అంటే ఆఫీసు గోడలే కాదు, డ్యూటీలో భాగంగా వెళ్ళే చోటు, ప్రయాణం కూడా. బయటివాడు వేధించినా అతని మీద కేసు పెట్టడానికి ఉద్యోగినికి సాయం చేయడం యజమాని బాధ్యత అని 19వ సెక్షన్ చెబుతుంది. మూడు నెలల్లోగా ఆ కమిటీకి ఈమెయిల్ పెట్టమనండి. జరిగింది, ఎవరెవరు చూశారు, మేనేజర్ ఏమన్నాడు, అన్నీ. ఫోన్లో మాట్లాడొద్దు. ఏది అడిగినా రాసి అడగాలి, రాసి చెప్పించుకోవాలి.

కెప్టెన్ రిపోర్ట్ పంపారా, నో ఫ్లై కమిటీకి వెళ్ళిందా అని కూడా అదే మెయిల్లో అడగండి. ఇలాంటివి దిగిన 12 గంటల్లో డీజీసీఏకి తెలియజేయాలి. కంపెనీలు దాచి ఏం బావుకున్నాయో 2022 నవంబరు నాటి న్యూయార్క్ ఢిల్లీ ఫ్లైట్ సంగతి చూడండి. తాగినవాడు పెద్దావిడ మీద మూత్రం పోసిన కేసు. ఎయిరిండియాకి 30 లక్షల జరిమానా, కెప్టెన్ లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్. ఆ తాగినవాడికి పడిన నిషేధం నాలుగు నెలలు.

అరండల్‌పేట_అరుణ
నాలుగు నెలలే?! పైగా ఒక కంపెనీ నిషేధిస్తే ఇంకో కంపెనీ టికెట్ కొనుక్కోవచ్చా?

లాయర్_లక్ష్మీపురం
కొనుక్కోవచ్చు. మిగతా ఎయిర్‌లైన్స్ ఆ నిషేధాన్ని పాటించి తీరాలని లేదు. పాటిస్తే పాటించవచ్చు. అందుకే క్రిమినల్ కేసు వదలొద్దంటున్నాను.

కృష్ణలంక_మూర్తి
అంతా చదివాను. కేసు వద్దనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ ఆ కంపెనీ కమిటీకి మెయిల్ పెట్టడంలో నష్టం లేదు, అది చేయండి. మీ నాన్నగారికి ఇబ్బంది లేకపోతే నా నంబరు ఇస్తాను, మాట్లాడతాను. నాకూ ఇద్దరు ఆడపిల్లలు.

అరండల్‌పేట_అరుణ
మూర్తి గారు మాట్లాడితే నాన్నగారు ఇంకా భయపడతారు :) సరదాకి అన్నాను అండీ.

రిటైర్డ్_కండక్టర్_గుంటూరు
నేను మాట్లాడతా. బ్రోడీపేటే కదా.

బ్రోడీపేట_అక్క
చెల్లి ఈ రాత్రికి మెయిల్ పెడతానంది. రెండో అమ్మాయి కూడా తను చూసింది రాసిస్తానంటోంది. అదే పెద్ద ధైర్యం మాకు. ఎఫ్‌ఐఆర్ గురించి ఆదివారం తను వచ్చాక నాన్నతో కూర్చుని మాట్లాడతాం. ఆ నవ్వినవాళ్ళని సాక్షులుగా పిలవొచ్చా లాయర్ గారూ?

మాజీ_క్రూ_మంగళగిరి
లాయర్ గారి కంటే ముందు నేను. మీ చెల్లికి వాళ్ళ సీటు నంబర్లు గుర్తుండే ఉంటాయి, మాకు మొహాల కంటే సీట్లే గుర్తుంటాయి. ఇప్పుడే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమనండి. కంపెనీ దగ్గర జాబితా ఉంటుంది, పోలీసులు అడిగితే ఇవ్వాలి.

లాయర్_లక్ష్మీపురం
అవును, పిలవొచ్చు. నవ్వినవాడు కూడా స్టేషన్‌లో కూర్చుంటే చూసింది చెబుతాడు.

గన్నవరం_గణపతి
మా బావమరిది ప్రతి వారం ఆ సాయంత్రం ఫ్లైట్‌కే వస్తాడు. ఏదో గొడవైందని చెప్పినట్టు లీలగా గుర్తు. ఏ రోజు జరిగింది, ఏ ఫ్లైట్? చెబితే అడుగుతా.

లాయర్_లక్ష్మీపురం
అక్కా, తేదీ గానీ ఫ్లైట్ నంబర్ గానీ ఇక్కడ పెట్టొద్దు, అవతలివాళ్ళూ చదువుతూ ఉండొచ్చు. గణపతి గారికి విడిగా మెసేజ్ చేయండి. గణపతి గారూ, మీ బావమరిదిని ముందు ఏమీ చెప్పకుండా ఆ రోజు ఏం చూశాడో అడగండి. మనం కథ చెప్పి తర్వాత అడిగితే సాక్ష్యం పాడవుతుంది.

గన్నవరం_గణపతి
సరే. వాడు మాట్లాడటం మొదలుపెడితే ఆపడమే కష్టం, అడగడం కాదు.